మూడో ముక్క

ఏప్రిల్ 5, బుధవారం

అక్కా నేనూ కొండ మీది మా కేబిన్‌కి చేరాం. మంచు కిటికీల దాకా ఉంది. తవ్వి తవ్వి తలుపు బయటపడేసరికి నడుములు పోయాయి.

ఏసుప్రభువు తిరిగి లేచే వారంలో మా నార్వే మొత్తం కొండలెక్కి, నారింజలు ఒలుచుకుంటూ హత్యల నవలలు చదువుతుంది. పాల డబ్బా మీద కూడా హత్య కథే అచ్చేస్తారు. మా ఇంట్లో పద్ధతి వేరు. ఒకటే పుస్తకం కొని, రొట్టె కత్తితో మూడు ముక్కలు కోస్తాం. అక్క ముందు చదువుతుంది, ఆమె వదిలిన ముక్క నేను అందుకుంటాను. అమ్మ మాత్రం మూడో ముక్కతోనే మొదలుపెట్టేది. హంతకుడెవరో తెలుసుకుని, వారమంతా స్వెటర్ అల్లుకుంటూ కూర్చునేది. ఎంత బతిమాలినా నోరు విప్పేది కాదు.

అమ్మ నవంబరులో పోయింది. ఇవాళ అక్క అలవాటుకొద్దీ మూడు ముక్కలే కోసింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మూడోది తీసుకెళ్లి అమ్మ కుర్చీలో పెట్టాను.

ఏప్రిల్ 6, గురువారం

నవల భలే ఉంది. ఊరి బేకరీ ముసలాయన ఈస్టర్ గుడ్డు స్వీటు తిని చచ్చిపోయాడు. చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడా, ఆమె పిల్లీ కలిసి హంతకుణ్ణి వెతుకుతున్నారు. ఎండలో గోడకి చేరగిలబడి ఒక్కదాన్నే నవ్వుతున్నాను. పిల్లి డాక్టరు బూటు ఎత్తుకొచ్చిందా, ఇంకా అక్కడికి రాలేదా అని లోపల్నుంచి అక్క అడిగింది. నోరు మూసుకో అన్నాను. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్లయిందో.

మధ్యలో ఇద్దరం ఒకేసారి అమ్మ కుర్చీ వైపు చూశాం. హంతకుడెవరో ఈ ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం ఇదే మొదలు.

ఏప్రిల్ 7, శుక్రవారం

కేబిన్ అమ్మేద్దామంది అక్క. పైకప్పు కారుతోంది, ఒక్క వారం కోసం ఏడాదంతా ఈ భారం ఎందుకే తూరిద్ అంది. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమంది. అమ్మ పోయి ఆరు నెలలు కాలేదు, అప్పుడే బేరమా అన్నాను. నీకేం, ఎండలో కూర్చుని పుస్తకాలు చదువుతావు, కట్టెలు కొట్టేది నేను కదా అంది.

నిజమే. అందుకే ఒళ్లు మండింది.

ఏప్రిల్ 8, శనివారం

మాటల్లేవు. అక్క రెండో ముక్క నా గది గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. నా అనుమానం డాక్టరు మీదే.

ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం

లేచేసరికి అక్క స్కీలు లేవు. మంచు మీద జారుకుంటూ కింద రైల్వే స్టేషన్‌కి దిగిపోయినట్టుంది. అమ్మ కుర్చీ ఖాళీ. మూడో ముక్క కూడా లేదు.

పొయ్యి చల్లారింది. కట్టెలు నేనే కొట్టాల్సి వచ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. అక్క ఇన్నేళ్లూ ఈ పని ఎలా చేసిందో.

ఏప్రిల్ 10, సోమవారం, సాయంత్రం

నేనే ఫోన్ చేశాను. కట్టెలు కొట్టానని చెప్పాను. వేళ్లన్నీ ఉన్నాయా, చూసుకున్నావా అంది. నాకు కేబిన్ కావాలి అక్కా, ఇక నుంచి మంచూ కట్టెలూ సగం నావి అన్నాను.

నిన్న రైల్లో మూడో ముక్క చదివేశానే అంది అక్క. ఎవరు అన్నాను. చెప్పను అంది. అచ్చం అమ్మ గొంతు. వచ్చే ఈస్టర్‌కి తెస్తా, ఆ కుర్చీలో కూర్చుని చదువుకుందువుగాని, కప్పు సంగతి వేసవిలో చూద్దాం అంది.

ఫోన్ పెట్టేసి కాసేపు ఏడ్చాను.

ఏప్రిల్ 14, శుక్రవారం

ఆఫీసు పక్క షాపులో అదే నవల, సగం ధరకి. కోయకుండా, మొత్తంగా. రోడ్డు దాటి అవతలి పక్క నుంచి వెళ్లాను.