ఇచ్చట రంగు మార్చబడదు

మంగళవారం, అనకాపల్లి

పెళ్ళిచూపుల్లోపు కూతురు తెల్లబడాలట. ఇంజెక్షన్ వెయ్యమని ఒకాయన క్లినిక్‌కి వచ్చాడు. వెయ్యనన్నాను. "అదే ఎయ్యకపోతే నువ్వు స్కిన్ డాక్టరువేటమ్మా?" అని విసురుగా వెళ్ళిపోయాడు.

పీజీలో చర్మవ్యాధులు తీసుకున్నప్పుడు మావయ్యా ఇంతే. "క్రీములు రాయడానికి అంత సదువేటే?" అన్నాడు. చేపలమ్మే అమ్మ చేతులు ఆయన ఎప్పుడైనా చూశాడా? ఐసుకీ ఉప్పుకీ వేళ్ళు పగిలిపోయి అన్నం కలుపుకోలేకపోయేది. నేనే ముద్దలు పెట్టేదాన్ని. ఆ వేళ్ళ కోసమే తీసుకున్నాను ఈ చదువు.

ఇవాళ ఆ ఇంజెక్షన్ ఆయన వెళ్ళిన వెనకాలే చేపలమ్మే ఒకామె వచ్చింది. చేతులు కొంగులో దాచుకుని, "వాసనొత్తన్నాయి డాట్రమ్మా" అంది.

"మా అమ్మవీ ఇంతే. ఇలా ఇయ్యమ్మా" అన్నాను.

రేపే గుమ్మంలో బోర్డు పెట్టిస్తాను: ఇచ్చట రంగు మార్చబడదు. పోయేవాళ్ళు పోనీ.