మొక్కు దోషం నా వాటాకు

1964వ సంవత్సరం జులై నెల 12వ తేదీ, ఆదివారం. నెల్లూరు జిల్లా కోవూరు తాలూకా విడవలూరు గ్రామ కాపురస్థుడను, కీర్తిశేషులు హజరత్తయ్య కుమారుడను, అరవై ఆరేళ్ల వయసు గల చెంచురామయ్య అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా. బుద్ధి స్థిమితంగా ఉందని మొదట రాయడం రివాజట. ఉంది. నా బుద్ధి ఏనాడూ చెడలేదు, చెడింది నాలుక. అందుచేత ఈ కాగితంలో ఆస్తి కంటే తిండి సంగతే ఎక్కువ ఉంటుంది. చదివేవారు ఓర్చుకోవాలి.

1. కాలువ కింద ఉన్న ఆరెకరాల మాగాణి నా స్వార్జితం. నా తదనంతరం అందులో మూడెకరాలు నా ఒక్కగానొక్క కుమారుడు పద్మనాభయ్యకు, మూడెకరాలు నా కోడలు ఇందిరమ్మకు సర్వహక్కులతో చెందాలి. కోడలికి పొలం ఏమిటని ఊళ్లో అడుగుతారు. ఆమె తినే అన్నానికి ఆమె గింజలు ఆమెకు ఉండాలని ఇస్తున్నాను. ఉంటున్న ఇల్లు, ఎడ్లు, బండి ఇద్దరికీ ఉమ్మడి.

2. నా చంకకర్రలు కాంపౌండరు హెబ్రోనుకు. అవసరమైన వారికి ఆయన ఇస్తారు. నా కుడికాలి చెప్పు కొత్తదిగానే ఉంది, అది పద్మనాభయ్యకు. పన్నెండేళ్ల కిందట నెల్లూరు డాక్టరు నాకు మధుమేహం అని చెప్పి, అన్నం, తీపి తగ్గించమన్నాడు, గట్ల మీద ఉత్తకాళ్లతో నడవవద్దన్నాడు. రైతు చేలో చెప్పులేసుకుంటాడా అని నవ్వి వచ్చాను. 58లో తుమ్మముల్లు అరికాల్లో దిగితే నాలుగు రోజులు నాకే తెలియలేదు. కుడికాలు మోకాలి కింద దాకా తీసేశారు. ఆ తర్వాత చెప్పులు కొన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

3. గూట్లో ఉన్న గాజు గొట్టాలు, స్పిరిట్ దీపం, నీలం మందు సీసా పద్మనాభయ్యకు. ఎనిమిది చుక్కల ఒంటేలు ఆ మందులో వేసి కాచితే, నీలంగా ఉంటే క్షేమం, ఇటుక రంగుకు తిరిగితే చక్కెర ఎక్కువై ప్రమాదం. హెబ్రోను నాకు ఓపికగా నేర్పాడు. నేను మాత్రం డాక్టరు దగ్గరికి పోవడానికి మూడు రోజుల ముందు నోరు కట్టుకుని, నీలం రంగు చూపించి, తిరిగి వస్తూ దారిలో మిఠాయి కొనుక్కునేవాడిని. డాక్టరును గెలిచానని సంబరపడ్డాను. పద్మనాభయ్యా, దీపం నువ్వే వెలిగించాలి, గొట్టం నువ్వే కడగాలి. ఆ పని ఇందిరమ్మ చేత చేయించకూడదు. ఇది షరతు.

4. నా భార్య వెంకటశేషమ్మ అన్నం బదులు సంకటి తిన్న ఇత్తడి గిన్నె ఆమె తమ్ముడు ఆదెయ్యకు. ఆ గిన్నె సంగతి రాయకపోతే ఈ వీలునామా అబద్ధం అవుతుంది.

మా ఇళ్లలో మగవాడికి జబ్బు చేస్తే ఇల్లాలు మొక్కుకుంటుంది. నాకు జబ్బు అని తెలిసిన వారమే ఆమె జొన్నవాడ అమ్మవారికి మొక్కుకుంది. నా జబ్బు తగ్గేదాకా అన్నం ముట్టనని, తీపి ముట్టనని, మంగళ, శుక్రవారాలు ఒంటిపూట ఉంటానని. డాక్టరు నాకు రాసిన పథ్యం అక్షరం తప్పకుండా ఆమె చేసింది. ఇంట్లో ఒకరు చేస్తున్నారు కదా, ఆ ఫలం నాకు చేరుతుందని నేను నమ్మాను. నటించలేదు, నిజంగానే నమ్మాను. ఆమె వదిలిన మొలగొలుకుల సన్నబియ్యం అన్నం కూడా నా విస్తట్లోకే వచ్చింది. ఎనిమిదేళ్లు అలా గడిచాయి. 1960లో ఆమెకు జ్వరం వచ్చింది, తట్టుకునే రక్తం ఒంట్లో లేదన్నారు. తొమ్మిదో రోజు పోయింది. శేషమ్మా, నీ ఆకలి నేను తిన్నాను. ఈ మాట నీకు చెప్పాల్సిన రోజుల్లో చెప్పలేదు.

5. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత ఆదెయ్యకు అప్పగిస్తున్నాను. శ్మశానంలో నలుగురి ముందు ఆయన నాతో, "మా అక్క నీ పథ్యం తను చేసి చచ్చిపోయింది బావా. నువ్వు తిని బతికినావు" అన్నాడు. ఆ మాటకు నాలుగేళ్లుగా ఆయన్ను నా గడప తొక్కనివ్వలేదు. ఆయన అన్నది నిజం కాబట్టే అంత కోపం వచ్చింది. ఆదెయ్యా, బావను క్షమించు. గిన్నె తీసుకుపోవడానికైనా ఇంటికి రా.

6. ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఏడు పద్మనాభయ్యకూ నీలం మందు ఇటుక రంగుకు తిరిగింది. వాడికి ముప్పై ఎనిమిదేళ్లు. మొన్న ఉగాది తర్వాత ఒక మధ్యాహ్నం చూశాను. వాడి విస్తట్లో అన్నం, నెయ్యి, పక్కన బెల్లం పొంగలి. ఇందిరమ్మ ముందు సంకటి. అడిగితే, "ఆయనకు తగ్గిందాకా మొక్కుకొని ఉండాను మామా. తప్పితే అమ్మవారు ఊరుకోదు" అన్నది. వాడిని మందలించాను. "నువ్వు తిన్నన్నాళ్లు తిని ఇప్పుడు నాకు చెప్తుండావా నాయనా" అన్నాడు. న్యాయమైన మాటే. దానికి నేను చూపగలిగింది లేని కాలు ఒక్కటే.

నాయనా పద్మనాభయ్యా, నీ ఒంటికి పథ్యం నీ నోరే చేయాలి. ఆలి ఎండినంత మాత్రాన మగడి ఒంట్లో చక్కెర తగ్గదు. తగ్గేదైతే నాకు తగ్గాలి, మీ అమ్మ చేసినట్టు ఎవరూ చేయలేదు. నేను చెప్పినందుకు చేయవద్దు. నేను చెప్పే అర్హత పోగొట్టుకున్నాను. మీ అమ్మ మంచం పక్కన తొమ్మిది రోజులు కూర్చున్నది నువ్వే. ఆ రోజులు గుర్తు పెట్టుకుని చేయి.

7. అమ్మా ఇందిరమ్మా, ఈ దఫా నీకు. మొక్కు తప్పితే దోషమని నీ భయం. ఒకరి బదులు ఒకరు ఉపవాసం ఉండవచ్చని నమ్మిన ఇల్లు ఇది. అలాంటప్పుడు ఒకరి దోషం ఇంకొకరు మోయవచ్చని కూడా నమ్మాలి. నువ్వు మొక్కు వదిలితే కలిగే దోషం యావత్తూ నా వాటాకు రాసుకుంటున్నాను. అమ్మవారు అడిగితే మామ తీసుకుపోయాడని చెప్పు. నా దగ్గర ఇప్పటికే ఉన్నదానికి ఇది పెద్ద బరువేమీ కాదు.

మిగిలిన దఫాలు నా తదనంతరం అమలు కావాలి. ఈ దఫా మాత్రం నా చావు దాకా ఆగడానికి వీల్లేదు. నేను సంతకం చేసిన వెంటనే, ఈ పూటే, మన ఇంటి ఈ చావడిలోనే విస్తరి వేయాలి. పద్మనాభయ్య తన చేత్తో ఇందిరమ్మకు అన్నం వడ్డించాలి. ఆమె తిన్న తర్వాతే సాక్షులు సంతకాలు చేయాలి. ఆమె తినకపోతే ఈ కాగితం చెల్లదు, చించేయండి.

ఇది నా మొదటి వీలునామా, కడపటిది కూడా.

(సంతకం) చెంచురామయ్య
విడవలూరు, పగలు పదకొండు గంటలు

సాక్షులు:

చెంచురామయ్య గారు దీన్ని మా ఇద్దరి ఎదుట చదివి వినిపించి, సంతకం చేశారు. ఏడో దఫా ప్రకారం పద్మనాభయ్య వడ్డించాడు. ఇందిరమ్మ చాలాసేపు విస్తట్లో చేయి పెట్టలేదు. పద్మనాభయ్య లోపలికి పోయి, ఆమె గిన్నెలోని సంకటి తెచ్చుకుని ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాడు. అప్పుడు ఆమె ఏడుస్తూ అన్నం తిన్నది. అది చూసి మేము సంతకాలు చేశాము.

1. ముత్యాలయ్య, పక్కింటి రైతు
2. హెబ్రోను, కాంపౌండరు