రెండో కాగితం

కొంపల్లి, మంగళవారం

నాన్నా, నేను బాగానే ఉన్నాను. ఫోనులో అయితే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే ఈ కార్డు.

సంతకాలు పెట్టేసి పనిలోకి దిగమన్నావుగా, ఒకటే పెట్టాను. మేం టైల్స్ వేయాల్సిన విల్లాల సూపర్‌వైజరు రఘునందన్ రెండు కాగితాలు ఇచ్చాడు. ఐదేళ్ళలో ఏ టైలు లేచినా నా ఖర్చుతో మళ్ళీ వేస్తానన్న బాండు మీద అక్కడికక్కడే సంతకం చేశాను. పనివాళ్ళకు ఏం జరిగినా కంపెనీకి సంబంధం లేదన్న రెండో కాగితం తిరిగిచ్చేసి, నాతో కలిపి ఆరుగురికీ బీమా చేయించమన్నాను.

"కింద కూసొని జేసే పనికి బీమా ఏందయ్యా? నేల మీదోడు ఏడ పడ్తడు?" అని నవ్వాడు.

"పడక్కర్లేదు సార్, టైల్ కటింగ్ మిషను చాలు. టైలు పోతే నేను మళ్ళీ వేస్తాను. మా నాన్నకు పోయిన వేలు ఎవరు వేశారు?" అన్నాను.

మూడు రోజులుగా ఆరుగురం గేటు బయటే కూర్చున్నాం. ఇవాళ బీమా ఫారాలు పంపాడు. పాలసీ చేతికొచ్చాకే లోపల అడుగు పెడతాం.

నామినీగా అమ్మ పేరు రాస్తున్నాను, ఆధార్ జిరాక్సు పంపు. చెల్లి సుప్రజకు జ్వరం తగ్గిందా? డాబా మీద ట్యాంకు మూత బిగించారా?

ఈసారి తిట్టకు. ఆ నాలుగు వేళ్ళ చెయ్యే నా తల మీద పెట్టి దీవించు.

నీ బుల్లిబాబు