మూడు వందల గ్రాములు

చిరంజీవి ద్వారకనాథ్‌కు తిరుత్తణి నుంచి మామ నటరాజు దీవించి రాయడం. ఇక్కడ అందరమూ క్షేమం. క్షేమంగా లేనివి రెండే: నా ఎడమ మోకాలు, మన బియ్యం మండీ ముందరి మురుగుకాలవ. చూసి తల ఊపి పోయినవాళ్ళు చాలామందే గాని రెండింటినీ బాగుచేసినవాడు ఒక్కడూ లేడు.

నీ ఉత్తరం సోమవారం చేరింది. సగం తెలుగు, సగం అరవం. కూడబలుక్కుని చదివాను. నేను బడి ముఖం చూసింది రెండేళ్ళే కదా, బెల్లం పొట్లాలు కట్టే పాత పత్రికల మీద అక్షరాలు నేర్చినవాణ్ణి. అందుకే ఈనాటికీ నాకు ఏ కథకూ చివర ఏమైందో తెలియదు. ఆ చివరి కాగితం ముక్క బెల్లంతో ఎవరింటికో పోయేది. ఆ పొట్లాల మీదే నీకూ ఓనమాలు దిద్దించాను. ఫోన్లో ముఖాలు చూసుకునే కాలంలో ఈ ఉత్తరాలేమిటని మీ అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. ఈసారి రాయబోయేది ముఖం చూస్తూ చెప్పగలిగేది కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ అమ్మ చెంగమ్మ మాత్రలు వేసుకుంటోంది. మింగిందాకా ఎదురుగా నిలబడుతున్నాను. "ఏమన్నా, నేనేమన్నా చంటిబిడ్డనా?" అని కసురుతుంది. నీ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం మాత్రలు గాదు, అన్నమే మరిచిపోతుంది. తిరువళ్ళూరులో నీ కబడ్డీ శిక్షణ కేంద్రం వచ్చే ఆదివారం తెరుస్తున్నావనీ, రిబ్బను నేనే కత్తిరించాలనీ రాశావు. మండీలోని పాత కాటాను పంపితే వాకిట్లో పెట్టి, 'ఎవరికీ తలవంచని కాటా' అని బోర్డు రాయిస్తానన్నావు. ఈ రెండింటికీ జవాబు చివర్లో చెబుతాను. పొట్లం చింపెయ్యకు.

ఆరేళ్ళప్పుడు నువ్వెట్లా ఉండేవాడివో గుర్తుందా? ఇంటినుంచి ఉప్పు పట్టుకురమ్మంటే 'చెడుగుడు చెడుగుడు' అంటూ వీధి దాటి వెళ్ళి, అదే ఊపిరితో మండీకి తిరిగొచ్చేవాడివి. ఉప్పు మాత్రం ఉండేది కాదు. "ఊపిరి తెచ్చినాను గదా మామా!" అనేవాడివి. ఆ ఊపిరే ఇప్పుడు టీవీలో దేశమంతా వింటోంది. నలుగురు వస్తాదులు గొలుసు కట్టి మీదికొస్తే, వాళ్ళ చేతుల కింద నుంచి చేపపిల్లలా జారి గీత తాకుతావు. చూసిన ప్రతిసారీ నా మోకాలి నొప్పి కాసేపు ఎటో పోతుంది.

కానీ నేను నిజంగా నీకు దండం పెట్టింది పోయిన నెల సెమీఫైనల్‌లో. అవతలి రైడర్ వేలి కొస నీ మడమకు తగిలింది. అంపైర్ చూడలేదు. మీ కోచ్ చూడలేదు. ఆ తగిలించినవాడికే తెలిసినట్టు లేదు. నువ్వు చెయ్యెత్తి నీ అంతట నువ్వే బయటికి నడిచావు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. మండీలో టీవీ ముందు గోల గోల.

"ఏంది సామీ మీ అల్లుడు! అంపైరే చూళ్ళేదు, ఈయనకేం తీపరం, తానే బయటికి పోను?" అన్నాడు మూటలు మోసే వేలాయుధం.

"అదే వాడి తీపరం," అంది మీ అమ్మ. "చిన్నప్పట్నించీ అట్లే. వాళ్ళ మామ పెంపకం గదా, కాటా మాదిరి పెరిగినాడు."

అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను జంతిక నములుతూ తల దించుకున్నాను.

ద్వారకా, నీకు పదిహేడేళ్ళప్పుడు యాభై ఐదు కిలోలు మించనివాళ్ళ పోటీకి కుర్రాళ్ళను మన మండీలోనే తూచారు. ఏటేటా సర్కారు ముద్ర పడే కాటా అని ఊరికి నమ్మకం. అంతకు పది రోజుల ముందు నీ కాలర్ బోను బీటువారింది, అయినా ఆడతానని నువ్వు మొండికేశావు. ఆ పొద్దున మీ అమ్మ కళ్ళనీళ్ళతో వచ్చింది. "అన్నా, ఎట్లయినా వాణ్ణి ఆడకుండా ఆపు" అంది. ఎట్లా అన్నది చెప్పలేదు, ఈనాటికీ అడగలేదు.

నువ్వు కాటా ఎక్కావు. నీ కళ్ళు బరువు చూపే దండె మీద ఉన్నాయి. బియ్యం మూట చాటున నా కాలి బొటనవేలు పలక అంచు మీద ఉంది. మూడు వందల గ్రాములు ఎక్కువ చూపింది.

నువ్వు గుడి కొండకు పరిగెత్తావు. మూడు వందల అరవై ఐదు మెట్లూ ఎక్కి దిగి, చెమటతో తడిసి ముద్దయి వచ్చి, "మళ్ళీ చూడు మామా" అన్నావు. నేను మళ్ళీ తొక్కాను. నూరు గ్రాములు ఎక్కువ. మొదటిసారి తొక్కింది నీ ఎముక పోతుందన్న భయంతో. రెండోసారి తొక్కింది నా తూకం అబద్ధమని బయటపడుతుందన్న భయంతో. మొదటిదానికి దేవుడి దగ్గర ఏదో చెప్పుకుంటాను. రెండోదానికి నీకే ఈ ఉత్తరం.

ఇంటికి పోతావనుకుంటే, నువ్వు ఆ సాయంత్రమే బస్సెక్కి, బరువు అడగని పెద్దవాళ్ళ పోటీకి పూండి పోయావు. దెబ్బతిన్న భుజం కాపాడుకోవడానికి నడుము వంచి వాళ్ళ చేతుల కింద దూరావు. అక్కడున్న కోచ్ ఒకాయన ఆ దూరడం చూశాడు. తరవాతి కథ నువ్వు ప్రతి ఇంటర్వ్యూలోనూ చెబుతున్నావు, "ఆ కాటా నిజం చెప్పబట్టే నేను ఇంతవాణ్ణయినాను" అని. విన్న ప్రతిసారీ నా బొటనవేలు సలుపుతుంది. నీ గొప్ప నీ నడుముదీ నీ ఊపిరిదీ. అందులో నా మోసానికి వాటా లేదు. ఆనాడు నీ భుజం పూర్తిగా పోయి ఉంటే ఈ ఉత్తరం ఎవరికి రాసేవాణ్ణి?

కాటాను శుక్రవారం లారీకి ఎక్కిస్తున్నాను. అది ఏనాడూ అబద్ధమాడలేదు, పక్కన నిలబడ్డవాడు ఆడించాడు. పిల్లల్ని తూచేటప్పుడు చుట్టూ మూరెడు దూరంలో సున్నంతో గీత గియ్యి. ఎవరి కాలూ దాటకూడదు, మామ కాలైనా సరే. బోర్డు మీద ఏం రాయించాలో ఇక నీ ఇష్టం.

మీ ఆటలో నాకు నచ్చే పద్ధతి ఒకటుంది. ఔటైనవాడు ఇంటికి పోడు. గీత అవతల కూర్చుంటాడు, తనవాడు పాయింటు తెచ్చి లేపిందాకా. ఆదివారం పొద్దున తిరువళ్ళూరు వచ్చే ఏడు గంటల బండి వేళకు తిరుత్తణి స్టేషన్ బెంచీ మీద ఉంటాను. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాను. ఫోను జేబులో ఉంటుంది. నువ్వు రమ్మంటేనే ఎక్కుతాను. ఆ బండి పోతే ఎనిమిదింటికి ఇంకొకటుంది, ఆ తరవాతా ఉన్నాయి. కూర్చునే ఉంటాను.

ఇట్లు,
చెయ్యెత్తిన నీ మామ,
నటరాజు