లారీకి ముందా, తర్వాతా

ఒరేయ్ మస్తానూ,

నువ్వు పోయి ఎనిమిది నెలలయింది. బాగున్నావా అని రాయబోయి ఆగాను... పోయినవాణ్ణి అలా అడగొచ్చో లేదో నాకు తెలీదు. అడిగితే పోయేదేముందిలే. బాగున్నావా?

నేను ఒంగోల్లో ఉన్నాను. మాజీ సైనికుల ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నాకంటే ముందు ఇంకా నలుగురున్నారు. వాళ్ళయ్యాక నన్ను పిలుస్తారు. తెల్లారుతూనే పొదిల్లో బస్సెక్కాను. మా రమణమ్మ ఉప్మా పొట్లం కట్టిచ్చింది గానీ ఇంకా విప్పలేదు. అరచేతులు చల్లగా అయిపోతున్నాయి. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు పెళపెళలాడే ఎండలు మొదలయితే నాకీ చలేమిట్రా?

"కోటయ్యా, నువ్వు ఫిరంగులకి భయపడవు గానీ గుమాస్తాలకి భయపడి చస్తావురా" అనేవాడివి. ఇవాళ నువ్వు చూడాల్సింది నన్ను.

సంగతి చెప్తాను విను. మన అర్జీకి జవాబొచ్చింది. మన అర్జీ అంటున్నాను గానీ అది పెట్టింది నువ్వేగా. యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి ఒక పతకం ఇస్తారని మనకి ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు. ఇదే ఒంగోల్లో మీటింగుకి వచ్చినప్పుడు ఎవరో పెద్దాయన చొక్కా మీద చూసి, ఇదేంటండీ అని అడిగింది నువ్వు. ఆయన చెప్పింది వినగానే నా మోకాలి మీద చరిచావు. మర్నాడే కనిగిరిలో నీ కుట్టుమిషను మీద కాగితం పెట్టుకుని అర్జీ రాసేశావు. నాకంటే నీకే తొందర.

"నీ కాలూ, నా నడుమూ... ఇద్దరికీ కలిపి ఒక పతకం. నెలలో సగం రోజులు నీ గోడకి, సగం రోజులు నా గోడకి" అన్నావు. గుర్తుందా?

జవాబు ఏమిటంటే, కాలు దెబ్బతిన్న రోజు నన్ను చేర్చిన మిలిటరీ ఆస్పత్రి పుస్తకంలో నా పేరు ఎదురుగా 'వాహన ప్రమాదం' అని ఉందట. లారీ బోల్తాకి పతకం ఇవ్వరు కదా. ఆ రాత తప్పయితే దిద్దుతాం, కానీ అక్కడ ఉండి కళ్ళారా చూసినవాడు ఎవరైనా ప్రమాణం చేసి రాసివ్వాలి అన్నారు. రికార్డుల ఆఫీసు నుంచి ఒక అధికారి ఈ ఒక్కరోజే ఇక్కడికి వస్తాడు, ఇవాళ చూపించుకోకపోతే ఫైలు మూసేస్తాం అని రిజిస్టర్డ్ కవర్లో పంపించారు. ఆ కవరు వచ్చి పదిహేను రోజులయింది. అప్పట్నుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు.

చూసినవాడివి నువ్వొక్కడివే. మన జట్టులో మిగతావాళ్ళు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో...

నువ్వు గుంటూరు పెద్దాస్పత్రికి బయల్దేరిన రోజు నేను కనిగిరి బస్టాండుకి వచ్చాను కదా. కళ్ళు పచ్చగా ఉన్నాయి, ముఖం పీక్కుపోయింది. అయినా హుషారు తగ్గలేదు. ఎప్పటికైనా సాక్ష్యం అడుగుతారని ఆ పతకం పెద్దాయన ముందే చెప్పాడుగా, సంచిలోంచి స్టాంపు కాగితం తీసి, కింద చివర్న సంతకం పెట్టి నా చేతికిచ్చావు. పైనంతా ఖాళీ. "నేనొచ్చేదాకా ఎందుకు ఆగడం? ఏది కావాలంటే అది రాసుకో" అన్నావు. నాకేమీ వింతనిపించలేదు. మన వైపు ఎరువుల కొట్లో, పత్తి కొనేవాడి దగ్గర, నమ్మకం ఉన్నచోటల్లా తెల్లకాగితం మీద సంతకం పెట్టేసి రావడం అందరికీ అలవాటేగా. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను. పత్తి విత్తనం పనులయ్యాక చూద్దాంలే అనుకున్నాను.

ఆ తర్వాత పదకొండో రోజున నీ కబురొచ్చింది.

నువ్వు మంచాన పడకముందే నీతోపాటు నోటరీ దగ్గరికి రావాల్సింది నేను. నువ్వు రెండుసార్లు పిలిచావు కూడా. ఒకసారి చేను దున్నాలన్నాను, ఇంకోసారి ఎందుకు రాలేదో నాకే గుర్తులేదు. అంత చేసి ఏం బావుకున్నాను? ఈ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా ఆకు నల్లబడి జిగురు కారింది. ఒక్క కాయ కూడా సరిగ్గా పగల్లేదు. నిన్ను ఆపి మరీ ఆ చేలో తిరిగాను చూడు, దాన్ని తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నలభయ్యో రోజు ఫాతెహాకి వచ్చాను. మళ్ళీ పోయిన శుక్రవారం కూడా వెళ్ళాను. ఖాజాబీ చెల్లెమ్మ నీ మిషను మీదే జాకెట్లు కుడుతోంది. నీ కత్తెర ఎవర్నీ ముట్టనివ్వదట. యుద్ధంలో ఆ రోజు సంగతి నీతో ఏమైనా చెప్పాడా అమ్మా అని అడిగాను. మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ ఒక్కోలాగా చెప్పాడు అన్నయ్యా అంది. ఇంకా ఏమందంటే, ఆ కాగితం నీ కోసమే పెట్టాడు కదా, రాసేసుకో, ఆయన ఏమీ అనుకోడు అంది. ఆ మాట అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను టీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇక్కడ గేటు బయట శాస్త్రిగారని ఒకాయన ఉన్నారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు మాజీ సైనికులకి అర్జీలు రాసిపెడుతున్నారు. చాలా మంచాయన. నా కథ విని పావుగంటలో నీ సాక్ష్యం తయారుచేసిచ్చారు. 'శత్రువుల ఫిరంగి గుండు పేలి కోటయ్య తొడకి ముక్క దిగబడగా నేను కళ్ళారా చూచి, భుజాన వేసుకుని...' అలా సాగుతుంది. చదువుతుంటే నాకే గుండె ఉప్పొంగింది. దీన్ని స్టాంపు కాగితం మీద ఎత్తి రాసి, నువ్వు పోకముందు తారీఖు ఏదో ఒకటి వేస్తే చాలట. నోటరీ ఆయనకి తెలిసినవాడేనట. చచ్చిపోయినవాణ్ణి ఎవరు పిలిచి అడుగుతారు కోటయ్యా అన్నారు. తప్పుడు పని అని ఆయన అనుకోవడం లేదురా. నిజాన్ని నీ బదులు రాస్తున్నాం అంతే అంటారు.

నేనూ అదే అనుకున్నాను. అందుకే ముందు ఒక తెల్లకాగితం మీద నా చేత్తో రాసి చూద్దామని కూర్చున్నాను. 'నేను, షేక్ మస్తాన్ వలి, కళ్ళారా చూసినది ఏమనగా' అని రాశాను. అక్కడితో కలం ఆగిపోయింది.

ఏమనగా... ఏం చూశావురా నువ్వు?

నాకు తెలిసింది ఎంతో చెప్పనా? డిసెంబరు మంచు. అప్పుడప్పుడే వెలుగొస్తోంది. కాలవ మీద వంతెన వెయ్యడానికి చెక్కలు మోస్తున్నాం. ముందు నువ్వు, వెనక నేను. దూరంగా గుండ్లు పడుతూనే ఉన్నాయి. అంతే. ఆ తర్వాత గుర్తున్నది నీ వీపు. తడిసిన ఊలు కోటు వాసన. నువ్వు రొప్పుతూ ఎవర్నో తిడుతున్నావు. నన్నేనేమో. ఆ తర్వాత ఆస్పత్రి పైకప్పు. మధ్యలో నాకు లారీ లేదు. నాకున్న లారీ అంతా నువ్వు చెప్పినదే.

మీ చెల్లెలి కూతురి పెళ్ళిలో నువ్వు ఒకలా చెప్పావు. గట్టు మీద గుండు పడింది, వీడు కుప్పకూలాడు, భుజాన వేసుకుని లారీ దాకా మోశాను, ఆ లారీ కాస్తా పోయి కాలవలో పడింది, ఆస్పత్రివాళ్ళు అందరికీ ఒకే రాత రాసిపడేశారు అన్నావు. మరుసటి ఏడు టీకొట్టు దగ్గర ఇంకోలా చెప్పావు. గుండూ లేదు గిండూ లేదు, చెక్కలు ఎక్కించి అందరం లారీ ఎక్కాం, డ్రైవరు చప్పుడుకి బెదిరి కాలవలోకి తోలాడు, కింద నలిగిన వీణ్ణి లాగి ఆస్పత్రి దాకా మోశాను అన్నావు. రెండుసార్లూ అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం తొడ మీద మచ్చ తడుముకుంటూ కూర్చున్నాను.

ఏది నిజంరా?

ఊళ్ళో నన్ను లారీ కోటయ్య అంటారని నీకు తెలుసు. ఇంకో ఇద్దరు కోటయ్యలు ఉన్నారు కాబట్టి గుర్తు కోసం అంటారు, అందులో ఎకసెక్కెం ఏమీ లేదు. అయినా అన్నప్పుడల్లా గుచ్చుకుంటుంది. ఈ పతకం నలుగురి ముందు పెట్టుకు తిరగాలని కాదు. నా కాలు దేనికి దెబ్బతిందో నాకు ఒకరు చెప్పాలి. ముద్ర వేసిన కాగితం మీద ఉంటే నమ్ముతానని... గుంటూర్లో డాక్టరుకి చూపించాను. లోపల ఇనుము ఏమీ లేదు, అప్పుడే కోసి తీసేసి ఉండొచ్చు, లేకపోతే అసలు లేకపోయి ఉండొచ్చు అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత మచ్చని చూసి చెప్పలేనన్నాడు.

ఇంకొక్క మాట అడుగుతాను, కోప్పడకు. నీ చేతిరాత నాకంటే బాగుంటుంది. అర్జీ మొత్తం నువ్వే రాసినవాడివి, సాక్ష్యం మాత్రం రాయకుండా ఖాళీ కాగితం ఎందుకిచ్చావు? జ్వరంతో ఓపిక లేకనా? నా మీద నమ్మకంతోనా? లేకపోతే నిజం రాస్తే నాకు పతకం రాదని, అబద్ధం నీ చేత్తో రాయలేక...

 నాకంటే ముందు ఇంక ఇద్దరే మిగిలారు.

తెల్లకాగితాలు అయిపోయాయి. ఇప్పుడు దేని మీద రాస్తున్నానో తెలుసా? నీ స్టాంపు కాగితం మీద. పైనుంచి మొదలుపెట్టాను. గేటు దగ్గర నుంచి శాస్త్రిగారు చూసి, కానివ్వు అన్నట్టు తలాడించారు. పాపం, ఆయన రాసిచ్చింది ఎత్తి రాస్తున్నాననుకుంటున్నారు.

బుద్ధి లేనివాణ్ణంటావేమో. అను. రమణమ్మ కూడా అంటుంది. ఫైలు మూసేస్తారు, నాకు తెలుసు. ఇక నేను పోయేదాకా లారీ కోటయ్యనే. అది తల్చుకుంటే ఏడుపొస్తోంది, దాచుకోను. కానీ ఆ రెండు కథల్లో నాకు కావాల్సింది ఏరుకుని నీ పేరు మీద నేనే రాసేస్తే, నువ్వు చూసినదేదో అది పూర్తిగా పోతుంది కదరా. ఇప్పుడు కనీసం తెలీదు అనైనా ఉంది.

నిన్ను ఒక్కసారే అడిగాను. ఆ రోజు బస్టాండులోనే. బస్సు కదలబోతుంటే ధైర్యం చేసి, నన్ను మోసింది లారీకి ముందా తర్వాతా అని కిటికీలోంచి అడిగాను. నువ్వు ఆ పచ్చటి కళ్ళతో నవ్వి, "ముందైతే ఏంట్రా, తర్వాతైతే ఏంటి... బరువు ఒకటేగా!" అన్నావు. బస్సు వెళ్ళిపోయింది. అది తప్పించుకోవడమో, చెప్పెయ్యడమో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

నా పేరు పిలిచారు. ప్యూను ఇటే చూస్తున్నాడు. లోపలికి వెళ్ళి, సాక్షి పోయాడండి అని చెప్తాను. గుండో లారీయో నాకు తెలీదండి, షేక్ మస్తాన్ వలి అనేవాడు నన్ను వీపు మీద మోశాడు, అది మాత్రం తెలుసు అని చెప్తాను. వాళ్ళు రాసుకుంటే ఆ మాట రాసుకోమంటాను. ఎక్కడో ఒక ఫైల్లో నీ పేరు ఉంటుంది.

కిందకి వచ్చేశాను, ఇంకో గీత రాస్తే నీ సంతకం మీద పడుతుంది. దాని పక్కన నాది పెట్టి లేస్తున్నాను. కాస్త పట్టుకోరా... కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కింది.

నీ
కోటయ్య