రంధ్రాల్లో కంకరకు బదులు దుమ్ము

గనుల భద్రతాధికారి గారికి,

అయ్యా,

విషయం: క్వారీ పేలుళ్ల గాలి దెబ్బ నుండి గుట్ట కింది పదకొండు ఇళ్లను కాపాడుట గురించి.

క్వారీకి రెండు వందల గజాల దూరంలో మొదటి ఇంట్లో నివసించు నేను విన్నవించుకొనునది:

1. గత నెల వరకు చప్పుడు మాత్రమే వినబడేది. ఇప్పుడు చప్పుడుతో పాటే తలుపు, ఎవరో భుజంతో తోసినట్టు, లోపలికి వస్తున్నది. సోమవారం గడియ ఊడింది. వంటగది కిటికీ అద్దం నా భార్య కూర్చునే పీట మీద పడింది. ఆమె అప్పుడే నీళ్లకు లేచింది.

2. మా అమ్మాయికి నాలుగేళ్లు. సైరన్ మోగగానే మంచం కింద దూరి చెవులు మూసుకుంటుంది. అయిపోయిందని చెప్పినా చేతులు తీయదు. ముద్ద నేనే నోట్లో పెడుతున్నాను.

3. క్వారీవాళ్లు శబ్దం కొలిచే మిషను క్రషర్ షెడ్డు వెనుక పెట్టి, అంతా పరిమితి లోపలే ఉన్నదని కాగితం ఇచ్చారు. మా వాకిట్లో పెట్టమంటే సూపర్‌వైజర్ "మీ ఇంట్లో ప్లగ్గు ఉందా?" అన్నాడు. ఉన్నది.

4. కారణము: మందు పెట్టిన రంధ్రం పైభాగాన్ని చిన్న కంకరతో బిగించాలి. అప్పుడే బలం రాతిలోకి పోతుంది. ఇప్పుడు డ్రిల్లింగులో పక్కన పడిన దుమ్మునే తిరిగి పోస్తున్నారు. అది సీసా బిరడా లేచినట్టు లేస్తుంది. బలమంతా గాలిలో మా మీదికి వస్తుంది. పైన రెండు దోసిళ్ల కంకర చల్లితే చూసేవారికి తేడా తెలియదు.

నాకెలా తెలుసంటే, అయ్యా, తొమ్మిదేళ్లు ఆ రంధ్రాలు నింపింది నేనే. కంకర తట్టలు మోయలేక ఈ కిటుకు కనిపెట్టాను. అప్పట్లో గుట్ట అవతల పేల్చేవారు, అటు ఇళ్లు లేవు. ఈ నెల నుండే మా వైపు పేలుస్తున్నారు. నడుం పోయి మానేస్తూ, నా బదులు చేరిన బావమరిదికి నేర్పి వచ్చాను. మొన్న నిలదీస్తే, "నువ్వు నేర్పినట్టే నింపుతున్నా గదా బావా, కొత్తగా నేనేం చేశాను?" అన్నాడు. "అద్దం పడింది మీ అక్క పీట మీద రా" అన్నాను.

గురువారం మా వైపు అంచున పద్దెనిమిది రంధ్రాలు పేలుస్తారు. నింపేది అతనొక్కడే. కావున తమరు ఆ ఉదయం క్వారీకి ముందుగా కబురు పెట్టకుండా వచ్చి, నింపేటప్పుడు దగ్గరుండి చూడవలెనని, అతనికి తోడు మరో ఇద్దరిని పెట్టించవలెనని, మిషను మా వాకిట్లో ఉంచవలెనని మనవి. గురువారం లోపునే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మొదటి ఇంటివాడు, మాజీ క్వారీ కూలీ

మరొక మాట: ఆ రోజు పిల్లను తీసుకుని ఎటైనా పోదామంటే, నా భార్య "మనం పోతాం సరే, మిగతా ఇళ్లవాళ్ల సంగతో? వాళ్లకు తెలియదు గదా" అంటున్నది. వాళ్లకు నేనింకా చెప్పలేదు. చెప్తే, నేర్పిందెవరని అడుగుతారు. భయంగా ఉన్నదయ్యా. మీరు వస్తారని నాకొక్క మాట అందితే ఆ రోజే వెళ్లి చెప్తాను. ఆ మాట అందకపోయినా బుధవారం చెప్తాను.