అద్దం మీద ఉన్ని దారం

27 ఫిబ్రవరి 2022, ఆదివారం

ఈరోజు కూడా గ్లైడర్‌లో నన్ను ఒంటరిగా పంపలేదు.

సగం ఎత్తుకు లేచామో లేదో నాకు నేర్పే విజేందర్ సార్ వెనక సీట్లోంచి, మమ్మల్ని పైకి లాగే వించ్ కేబుల్ వదిలేశారు. తెగిపోయిందనుకో, ఇప్పుడేం చేస్తవ్ అని అడిగారు. వేగం పోకుండా గ్లైడర్ ముక్కు కిందికి దించాలి. నాకు తెలుసు. రెండేళ్ళుగా ఈ క్లబ్బులో వించ్ నడిపేదే నేను, ఎంతమంది అలా దించారో కళ్ళారా చూశాను. కానీ చేతులు కదల్లేదు. ఆయనే దించారు.

కిందికొచ్చాక బెల్టు విప్పుకుని టీకి వెళ్ళిపోయారు. తిడితే బాగుండేది. మార్చి ఆఖరికి ఆయన వెళ్ళిపోతున్నారు. తర్వాత ఇక్కడ నేర్పేవాళ్ళు లేరు. నాకు నాలుగు ఆదివారాలున్నాయి.

ఇంటికొస్తే బాపు మళ్ళీ అదే ప్రశ్న. ఇంజన్ లేకుంట అది మీదికెట్ల పోతదే అని. వించ్ తాడు గుంజితే పోతుంది బాపూ, తాడు వదిలేశాక గాలి మీద తేలుతూ దిగుతుంది అని మళ్ళీ చెప్పాను. సారు ఎనక కూసుంటడు గద అన్నాడు. కూసుంటడు అన్నాను. ఇప్పటికైతే నిజమే.

6 మార్చి, ఆదివారం

గ్లైడర్ ముందు అద్దం మీద ఒక ఉన్ని దారం అంటిస్తాం. ఒక కొసకే టేపు, రెండో కొస గాలికి వదిలేస్తాం. అది నిటారుగా ఉంటే విమానం తిన్నగా పోతున్నట్టు, పక్కకు పోతే మనం జారుతున్నట్టు. పాతది ఊడిపోతే నిన్న అవ్వ వడికిన నల్ల ఉన్నిలోంచి జానెడు తెంపుకొచ్చాను. సార్ మురిసిపోయారు. కొన్న దారం కంటే ఇదే బాగా ఆడుతుందట.

నాకు మాత్రం అదొక కొత్త ఫికర్ అయింది. దారాన్ని తప్ప దేన్నీ చూడడం లేదని సార్ మూడుసార్లు అన్నారు. బయటికి చూడు, గుట్టల గీత చూడు, గాలి చప్పుడు విను, దారం అబద్ధమాడొచ్చు గానీ నీ నడుము ఆడదు అన్నారు. సరే సార్ అన్నాను. మళ్ళీ దారాన్నే చూశాను.

13 మార్చి

మబ్బు. ఫ్లయింగ్ రద్దు. హమ్మయ్య అనుకున్నాను, వెంటనే నా మీద నాకే సిగ్గేసింది.

19 మార్చి, శనివారం

పోయిన ఆదివారానికి బదులు ఈరోజు ఎగిరాం. కేబుల్ తెగినప్పటి డ్రిల్ రెండుసార్లు. రెండుసార్లూ ముక్కు నేనే దించాను. రేపు వాతావరణం బాగుంటే సోలో, ఒక్కదానివే అన్నారు సార్, టీ తాగుతూ మామూలుగా, పెళ్ళికి పోదామన్నట్టు.

బాపుకి చెప్పాలి. పొద్దుగూకేటప్పుడు దొడ్డి దగ్గరికి వెళ్ళాను. బాపు గొర్లను లెక్కపెడుతున్నాడు. ఆ టైములో ఎవరూ మాట్లాడించరు. పొద్దుగాల ఎన్ని పోయినయో గన్నే రావాలె, ఒకటి తక్కువైతే ఇంట్ల ఎవరూ తినరు, అదే బాపు చట్టం. నూట నలభై. అన్నీ వచ్చాయి. బాపు సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషం చూసి చెప్పడానికి నోరు రాలేదు. రేపు కూడా సారు ఉంటడు గద అని అడిగాడు. ఉంటడు అన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఇంట్లో నోరే తెరవలేదు.

20 మార్చి, ఉదయం 6

అన్నం సహించలేదు. పైకప్పు లాచ్, బెల్టు, కేబుల్ వదిలే రిలీజ్ నాబ్, నడిపే స్టిక్. మనసులో ఇప్పటికే నాలుగుసార్లు చెక్ చేశాను.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాస్తాను.

ఏడింటికి ఇన్‌స్పెక్షన్ నేనే చేసి సంతకం పెట్టాను. ఎనిమిదింటికి అవ్వ సద్ది పట్టుకొచ్చింది. నేనెగిరేటప్పుడు నా బదులు వించ్ నడిపే పర్వతాలన్న నోరు జారాడు, మీ మల్లిక ఇయ్యాల ఒక్కతే పోతాందవ్వా అని. అవ్వ కొత్త ట్రాక్టరుకు పెట్టినట్టు గ్లైడర్ ముక్కుకి పసుపు కుంకుమ పెట్టింది. మేం టీ తాగుతూ నవ్వుకున్నాం. నేను ఎక్కినప్పుడు అద్దం మీద దారం కూడా పచ్చగా కనిపించింది. అవ్వ పని అనుకున్నాను. అంతే అనుకున్నాను.

పర్వతాలన్న వించ్ లాగాడు. వెయ్యి అడుగులు. రిలీజ్. ఒక్కసారిగా నిశ్శబ్దం. వెనక సీటు ఖాళీ. భయం వేసింది, కానీ దారం చూస్తే నిటారుగా ఉంది. ఎంత బాగా నడుపుతున్నానో అనుకున్నాను. ఎడమకు తిప్పాను. దారం కదల్లేదు. కుడికి తిప్పాను. కదల్లేదు. ఇన్ని నెలల్లో నా టర్న్ ఒక్కటీ అంత శుద్ధంగా రాలేదు. గాలి మాత్రం ఒక చెవి పక్కన గట్టిగా అరుస్తోంది. నడుము సీట్లో పక్కకు జారుతోంది.

అప్పుడు అర్థమైంది. అవ్వ పసుపు ముద్దతో దారం పొడుగునా రుద్దింది. ఎండకు ఆరి అద్దానికి కరుచుకుపోయింది.

చేతులు బిగుసుకుపోయాయి. ఎంతసేపో తెలియదు. దారం ఇటు పో, అటు పో అని బతిమాలాను, అవును, బతిమాలాను. తర్వాత ఏడుపొచ్చింది. ఏడుస్తూనే దారం మీంచి కళ్ళు తీసి గుట్టల గీత చూశాను. చప్పుడు తగ్గేదాకా కాలితో, తోకను తిప్పే రడ్డర్ తొక్కాను. చప్పుడు తగ్గింది. నడుము సీట్లో కుదురుకుంది. ల్యాండింగ్ రెండు గెంతులు గెంతింది, కానీ రన్‌వే మధ్యలోనే.

అందరూ చప్పట్లు. ఆనవాయితీ ప్రకారం బకెట్ నీళ్ళు కుమ్మరించారు. సార్ అయితే, చివరి టర్న్ నీ జీవితంలోనే మంచిదమ్మా అన్నారు. తడిబట్టలతో నవ్వాను. దారం సంగతి చెప్పలేదు. చెప్తే సోలో పోతుందని భయం. అవ్వను ఏమంటారోనని భయం.

ఇంటికొస్తే బాపు దొడ్డి దగ్గర ఉన్నాడు. గొర్లు అప్పటికే లోపలున్నాయి. నా వైపు చూడకుండానే, సారు ఎనక కూసున్నడా అని అడిగాడు. ఊ అన్నాను. గుట్ట మీదికెల్లి చూసిన, ఒక్క తలకాయే కనబడ్డది అన్నాడు. నూట నలభై జీవాల్ని ఒక్క చూపుల లెక్కవెడ్త, రెండు తలకాయలు లెక్కవెట్టరాదానే అన్నాడు.

బాపు అన్నం తినలేదు.

21 మార్చి

సార్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఎక్కేముందు దారాన్ని ఊది చూశావా అని అడిగారు. లేదు సార్. పచ్చగా ఉండడం చూశావా? చూశాను సార్. మరెందుకు ఊదలేదు?

లాచ్ నాలుగుసార్లు చూసుకునే నేను దారాన్ని ఒక్కసారి ఊదలేదు. ఇంటిది కదా అని నమ్మాను. అదే చెప్పాను.

అవ్వ తప్పేం లేదు, తప్పు ఎక్కినవాళ్ళది అన్నారు. ఆ ఫ్లైట్ సోలోగా రాయను, 27న మళ్ళీ పోవాలి, ఈసారి మీ బాపుకు చెప్పి రా అన్నారు. ఆయన ఉండే చివరి ఆదివారం అదే.

అవ్వకు చెప్పాను. మన ఇండ్ల ఉన్ని కంకణం లేకుంట ఏ శుభకార్యం అయింది బిడ్డా, దారం కనవడితే పసుపు వెట్టిన అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి, చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

బాపుకు కూడా అంతా చెప్పాను, 27న మళ్ళీ ఒక్కదాన్నే పోవాలనీ చెప్పాను. దొడ్డి తడిక బిగిస్తూ విన్నాడు.

25 మార్చి

బాపు ఇంకా మాట్లాడడం లేదు. అన్నం మాత్రం తింటున్నాడు.

27 మార్చి, ఆదివారం

సార్ అద్దం మీది దారం పీకేశారు. ఇయ్యాల ఇది లేకుండానే పో అన్నారు. అవ్వ ఇంకో దారానికి పసుపు రాసి నా చేతికి కట్టింది.

పోయాను. వచ్చాను.

పొద్దుగూకి బాపు దొడ్డి దగ్గర నూట నలభై దాకా లెక్కపెట్టాడు. తర్వాత నా వైపు చూశాడు. పొద్దుగాల ఒకటి పోయింది, ఒకటొచ్చింది అన్నాడు. తిందాం పా అన్నాడు.